గొట్టం వాళ్లది, ఊరు మనది



పోయిన దాళ్వా కోతలకు ముందు మా చేను పక్కనున్న పాత గ్యాస్ బావి దగ్గరికి ఒక పెద్ద బండి వచ్చింది. దాని బరువుకి పుంత రోడ్డు మీద రెండు తూములు కుంగిపోయాయి. బండి మీద మనిషికి రెండింతలు ఎత్తున్న ఇనుప చక్రం, ఆ చక్రానికి పవర్ స్ప్రేయర్ పైపు చుట్టినట్టు చుట్టిన ఉక్కు గొట్టం. వెనక ఇంకో నాలుగు లారీలు, ఒక క్రేను.

గట్టు మీద నిలబడి అక్కడి సూపర్‌వైజరుని అడిగాను. "ఏం పని బాబూ ఇది?"

"పాత బావికి చిన్న పనండి. మీకేం ఇబ్బంది ఉండదు."

"సరే. పొరపాటున గ్యాస్ బయటికొస్తే మేం ఎటు పోవాలి?"

ఆయన నవ్వాడు. "అవన్నీ టెక్నికల్ విషయాలండి. మీకర్థం కావు."

నేను పదో తరగతి పాసై నాగలి పట్టినవాణ్ణి. ఆయన చదువు నాకు లేదు, ఒప్పుకుంటాను. కానీ నేనడిగింది ఆయన చదువు గురించి కాదు, ఎటు పరిగెత్తాలని. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. లేదని చెప్పలేక, నాకర్థం కాదన్నాడు. మంట వచ్చినప్పుడు అర్థమైనవాణ్ణీ కానివాణ్ణీ వేరుచేసి కాల్చదు కదా!

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆ బండి మీద పనిచేసే కుర్రాడు ఒకడు కలిశాడు. మన పక్క మండలం వాడే. "బాబాయ్ గారూ, మీరడిగింది తప్పేం కాదండి. చెప్తాను గానీ నా పేరు ఎక్కడా ఎత్తకండి" అన్నాడు. నాలుగు సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పాడు. ఆ తరువాత పెట్రోలియం ఇంజనీరింగ్ చదివిన మా అబ్బాయి స్నేహితుడి చేత ఆ పరిశ్రమ వాళ్లు రాసుకున్న భద్రతా నియమాలు చదివించుకుని తెలుగులో చెప్పించుకున్నాను. విన్నాక నాకు తేలింది ఒకటే. మనం కొత్తగా కోరాల్సిన జాగ్రత్తలు పెద్దగా లేవు. కావలసినవన్నీ వాళ్ల పుస్తకాల్లోనే ఉన్నాయి. అవి పాటిస్తున్నారా లేదా అన్నది ఊరికి చూపించే ఏర్పాటు మాత్రం లేదు. ఈ వ్యాసం దాని గురించే.

ఇంతకీ ఏమిటీ చుట్ట గొట్టం?

దాన్ని కాయిల్డ్ ట్యూబింగ్ అంటారు. మామూలు రిగ్గు మీద ముప్పై అడుగుల గొట్టాలు ఒక్కొక్కటీ మర బిగించి కిందికి దింపుతారు. ఇందులో అతుకులు బిగించే పని లేదు. వేల అడుగుల పొడవున్న ఒకే గొట్టం, చక్రం మీంచి విప్పుతూ బావిలోకి దింపుతారు. బావి కడగడానికి, యాసిడ్ పంపడానికి, నైట్రోజన్ పంపి గ్యాసును లేపడానికి ఎక్కువగా వాడతారు. అదే గొట్టం చివర మోటారు, బిట్టు తగిలించి డ్రిల్లింగ్ కూడా చేస్తారు. గొట్టం తిరగదు. పైనుంచి ఒత్తిడితో పంపే మడ్డు కింద మోటారును తిప్పితే, అది బిట్టును తిప్పుతుంది. పాత బావిలోకి దిగి, పక్కకి కొత్త దారి తవ్వి, మిగిలిపోయిన చమురు తీయడానికి ఇది అనువైన పద్ధతి. అమెరికాలో అలాస్కా రాష్ట్రం ప్రూడో బే చమురు క్షేత్రంలో 1990ల నుంచి ఇలా చేస్తున్నారు.

న్యాయంగా మాట్లాడుకుందాం. ఈ పద్ధతి చెడ్డదని నేననడం లేదు. సరిగ్గా చేస్తే రైతుకు మేలే. కొత్త సైటు కోసం మళ్లీ నాలుగెకరాల కొబ్బరితోట కొట్టక్కర్లేదు. పెద్ద రిగ్గు చప్పుడు, నెలల తరబడి లారీలు తగ్గుతాయి. పాత బావితోనే పని అయిపోతే మన భూమి మిగులుతుంది. కాబట్టి "రైతులు అభివృద్ధికి అడ్డం" అనే పాత పాట ఇక్కడ పాడొద్దు. ఆ గ్యాసుతో దేశానికి ఎరువులు, కరెంటు వస్తాయని మనకూ తెలుసు. ఆ యూరియా బస్తా కోసం లైన్లో నిలబడేది మనమే.

ఆపదంతా ఎక్కడుంది?

ఈ గొట్టం గొప్పతనం ఏమిటంటే, బావిలో ఒత్తిడి ఉండగానే, బావిని చంపకుండానే పని చేయొచ్చు. ఆపద కూడా అక్కడే ఉంది. కింద గ్యాస్ పైకి తోస్తూ ఉంటుంది. పైన దాన్ని ఆపేవి మూడు నాలుగు వస్తువులు.

మొదటిది స్ట్రిప్పర్. కదులుతున్న గొట్టం చుట్టూ బిగుతుగా పట్టుకునే సీలు. మన మోటారు గ్లాండు ప్యాకింగు లాంటిదనుకోండి. రాపిడికి అరుగుతుంది, మార్చాలి.

రెండోది దాని కింద బీఓపీ, అంటే బావి తన్నుకు రాకుండా మూసే యంత్రం. అందులో మామూలుగా నాలుగు రకాల దవడలుంటాయి. గొట్టం లేనప్పుడు బావి నోరు మూసేది ఒకటి, గొట్టాన్ని కత్తిరించేది ఒకటి, గొట్టం జారకుండా పట్టుకునేది ఒకటి, గొట్టం చుట్టూ మూసేది ఒకటి. ఇంజను ఆగిపోయినా వీటిని మూయడానికి సరిపడా ఒత్తిడి అక్యుములేటర్ అనే సీసాల్లో ఎప్పుడూ నిలవ ఉండాలి.

మూడోది గొట్టం కింది చివర ఉండే రెండు చెక్ వాల్వులు. గొట్టం లోపలి నుంచి గ్యాస్ పైకి రాకుండా ఆపుతాయి. మన బోరు మోటారు ఫుట్ వాల్వు నీటిని వెనక్కి పోనివ్వదు చూడండి, అలాగన్నమాట.

వీటన్నిటి వెనక ఉన్న సూత్రం ఒక్కటే. బావికీ ఊరికీ మధ్య ఎప్పుడూ పరీక్షించిన అడ్డులు రెండు ఉండాలి. ఒకటి పోతే రెండోది ఆపాలి. పని మొదలెట్టే ముందు బీఓపీని మొదట తక్కువ ఒత్తిడితో, తరువాత ఎక్కువ ఒత్తిడితో పరీక్షించి, ఆ చార్టు మీద తేదీ వేసి సంతకం పెట్టాలి. ఇవి నేను కల్పించి చెప్పేవి కావు. మన దేశంలో చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్, అంటే ఓఐఎస్‌డీ, బావి నియంత్రణకు 174వ నంబరు ప్రమాణం పెట్టింది. అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ, ఈ చుట్ట గొట్టం బావి నియంత్రణ పరికరాల కోసమే 16ఎస్‌టీ అని వేరే నియమావళి రాసింది.

గొట్టానికీ వయసుంటుంది

ఆ కుర్రాడు చెప్పిన వాటిలో నన్ను నిద్రపోనివ్వనిది ఇది. బైండింగ్ వైరుని అటూ ఇటూ వంచితే ఏమవుతుంది? పదోసారికో ఇరవయ్యోసారికో పుటుక్కున తెగుతుంది. ఈ గొట్టమూ అంతే. చక్రం మీంచి విప్పినప్పుడు ఒకసారి, పైన కొంకిలా వంగిన గూస్‌నెక్ మీద ఒకసారి, దాన్ని దాటి నిటారుగా బావిలోకి దిగేటప్పుడు ఒకసారి, మూడు వంపులు. పైకి లాగేటప్పుడు మళ్లీ మూడు. దింపి తీసిన ప్రతిసారీ ఆరు. లోపల ఒత్తిడి ఎంత ఎక్కువుంటే ఉక్కు అంత తొందరగా అలసిపోతుంది. యాసిడ్ పంపినా, పని అయ్యాక లోపల నీళ్లు వదిలేసినా తుప్పు తోడవుతుంది. ఒకేచోట ముందుకీ వెనక్కీ ఆడిస్తే ఆ ముక్క వయసు మిగతా గొట్టం కంటే ముందే అయిపోతుంది.

అందుకే ప్రతి చుట్టకీ ఒక రిజిస్టరు ఉంటుంది. ఏ ముక్క ఎన్నిసార్లు వంగింది, ఎంత ఒత్తిడిలో వంగింది, గోడ మందం ఎంత మిగిలింది అని అందులో లెక్క రాయాలి. లెక్క దాటితే ఆ ముక్క కోసి పారేయాలి, లేదా చుట్టే మార్చాలి. మన ట్రాక్టరు టైరు ఎప్పుడు మార్చాలో మనకి కంటికి తెలుస్తుంది. ఈ గొట్టం అలసట కంటికి కనపడదు. రిజిస్టరులోనే కనపడుతుంది. కాంట్రాక్టరు బండి ఒక సైటు నుంచి ఇంకో సైటుకి, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తిరుగుతూ ఉంటుంది. మన ఊరికి వచ్చేటప్పటికి దాని వయసెంత? మా ఊళ్లో ఆ రిజిస్టరు గురించి అడిగితే ఆఫీసులో ఉందన్నారు. ఆఫీసుకి వెళ్తే సైటులో ఉందన్నారు. పని అయిపోయి బండి వెళ్లిపోయింది, రిజిస్టరు మాత్రం నాకు ఏ రెండుచోట్లా కనపడలేదు.

ఇంకో సంగతి. నైట్రోజన్ తెస్తారు. ద్రవంగా ఉన్నప్పుడు అది సున్నాకి కింద 196 డిగ్రీల చల్లదనం, తగిలితే ఒళ్లు మాడుతుంది. ఆవిరైతే రంగూ వాసనా ఉండవు. గుంటల్లో చేరితే గాలిలో ఆక్సిజన్ లేకుండా చేస్తుంది, మనిషి ఏమైందో తెలియకుండానే పడిపోతాడు. బావి నుంచి వెనక్కొచ్చే ఉప్పునీరు, మడ్డు, యాసిడు నీరు గుంటలో పోస్తారు. ఆ గుంటకి ప్లాస్టిక్ పరుపు చిరిగితే ఎటు పోతుంది? మురుగు కాలువలోకి, అక్కణ్నించి చేపల చెరువులోకి, మన ఆకుమడిలోకి. అసలే ముంపుతో, ఉప్పుతో వేగలేక 2011 సార్వాలో పంట విరామం ప్రకటించిన ప్రాంతం మనది. ఇంకో చుక్క ఉప్పునీరు కూడా భరించే స్థితిలో మన చేలు లేవు.

మూడు పాఠాలు, నేర్చుకోని ఒకే విషయం

1995 జనవరి 8న పాశర్లపూడి 19వ నంబరు బావి పేలింది. అప్పటికి నాకు పాతికేళ్లు నిండలేదు. రాత్రిళ్లు ఆకాశం ఎర్రగా ఉండేది, దూరానున్న మా అరుగు మీదికి కూడా ఆ వెలుగు వచ్చేది. ఓఎన్‌జీసీ ఆ మంట ఆపేసరికి మార్చి 15 అయింది, రెండు నెలలకు పైగా పట్టింది. విదేశాల నుంచి నిపుణులు రావలసి వచ్చింది.

2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ గొట్టం పేలింది. ఇరవై మందికి పైగా కాలిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ పంపడం వల్ల లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. గొట్టం కారుతోందని ముందే చెప్పామని బాధితులు మొత్తుకున్నారు. చెప్పినవాళ్ల మాట ఎవరు విన్నారు?

ఇక అస్సాంలో బాగ్జాన్. అది కొత్తగా తవ్వుతున్న బావి కాదు, ఉత్పత్తిలో ఉన్న పాత బావి. దానిమీద వర్కోవర్, అంటే మరమ్మతు పని జరుగుతుండగా 2020 మే 27న గ్యాస్ తన్నుకొచ్చింది. జూన్ 9న అంటుకుంది. మంటలార్పే సిబ్బంది ఇద్దరు చనిపోయారు. వేలమంది ఇళ్లు వదిలి శిబిరాల్లో తలదాచుకున్నారు. నవంబరు 15కి గానీ అదుపులోకి రాలేదు. పరీక్షించిన రెండో అడ్డు లేకుండా బీఓపీని తీసేశారని జాతీయ హరిత ట్రిబ్యునల్ వేసిన కమిటీ తప్పుపట్టింది.

ఇందులో ఏదీ చుట్ట గొట్టం వల్ల జరిగింది కాదు. అయినా ఎందుకు చెబుతున్నానంటే, బాగ్జాన్ మనకి రెండు సంగతులు చెబుతోంది. "పాత బావికి చిన్న పని" అన్నది చిన్న పని కాదు. రెండు అడ్డులు అన్న నియమం పుస్తకంలో ఉంటే చాలదు, బావి మీద ఉండాలి. ఇక మూడు చోట్లా పొరుగు రైతుకు ముందుగా తెలిసింది ఏమీ లేదు. ప్రమాదం జరిగాకే తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకి అలవాటు చేశారు.

కాగితం ఎక్కడ తెగిపోతోంది?

కొత్త బావికి భూమి కావాలి కాబట్టి మన గుమ్మం తొక్కుతారు. రేటు మాట్లాడతారు, కాగితాలు చూపిస్తారు. పాత బావిలోకి దిగే పనికి కొత్త భూమి అక్కర్లేదు, అందుకని మన గుమ్మం కూడా అక్కర్లేదనుకుంటున్నారు. మా పంచాయతీకి ఒక్క కాగితం రాలేదు. సర్పంచికీ తెలియదు, ఆశా కార్యకర్తకీ తెలియదు, బడి పంతులికీ తెలియదు. ఆ బావికి బడి ఎంత దూరమో కాంట్రాక్టరుకీ తెలియదు.

పైనుంచి కూడా గాలి అటే వీస్తోంది. 2006 పర్యావరణ నోటిఫికేషన్‌ని 2020 జనవరిలో సవరించి, చమురు గ్యాస్ అన్వేషణ డ్రిల్లింగును బీ2 వర్గంలోకి దించారు. ఆ వర్గానికి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. ఉత్పత్తి పై వర్గంలోనే ఉంది గానీ, దారి ఎటు పోతోందో కనపడుతూనే ఉంది.

కార్మికుల భద్రత చూసేది ధన్‌బాద్‌లో ఉన్న గనుల భద్రతా డైరెక్టరేట్. దానికి 2017 ఆయిల్ మైన్స్ రెగ్యులేషన్స్ ఉన్నాయి. మంచిదే. కానీ కంచె లోపల హెల్మెట్ పెట్టుకున్నవాడికి చెప్పిన జాగ్రత్త, కంచె బయట కలుపు తీస్తున్న ఆడకూలీకి ఎవరు చెప్పాలి? గ్యాస్ కంచె చూసి ఆగుతుందా?

మన తప్పు కూడా ఉంది

ఇది చదివి కొందరికి కోపం రావచ్చు, రానీయండి. మనం ఇన్నేళ్లూ అడిగిందేమిటి? పంట నష్టం ఎకరానికి ఎంత, కొబ్బరి చెట్టుకి ఎంత, మన కుర్రాడికి వాచ్‌మన్ ఉద్యోగం ఇస్తారా, గుడికి చందా ఇస్తారా. ఇవే. బీఓపీ పరీక్ష ఎప్పుడు చేశారని ఒక్క సభలో అడిగామా? చెక్కు చేతిలో పడగానే సంతకం పెట్టి ఇంటికి పోయాం. నేనూ పెట్టాను. ఆ డబ్బు రెండు పంటలకి అయిపోయింది, బావి మాత్రం ముప్పై ఏళ్లు అక్కడే ఉంది. కౌలు రైతుకైతే ఆ చెక్కు కూడా లేదు. కానీ బావికి అందరి కంటే దగ్గరగా రోజంతా ఉండేది వాడే.

"ఇవన్నీ చెబితే జనం భయపడతారు" అంటారు అధికారులు. తెలియని వాడే భయపడతాడు, తెలిసినవాడు జాగ్రత్త పడతాడు. పురుగుమందు డబ్బా మీద ఎర్ర త్రికోణం వేస్తే మనం వ్యవసాయం మానేశామా?

మన డిమాండ్లు

1. పాత బావి మీద కాయిల్డ్ ట్యూబింగ్ గానీ, వర్కోవర్ గానీ మొదలెట్టే ముందు కనీసం 15 రోజులకి పంచాయతీకి తెలుగులో లిఖితపూర్వకంగా తెలపాలి. పని ఏమిటి, ఎన్ని రోజులు, కాంట్రాక్టరు ఎవరు, రాత్రి కూడా పలికే ఫోన్ నంబరు ఏది.

2. బీఓపీ పరీక్ష చార్టు, గొట్టం వంపుల రిజిస్టరులో తాజా పేజీ, పాత బావి కేసింగు, సిమెంటు ఎలా ఉన్నాయో చెప్పే నివేదిక, వీటి నకళ్లు సైటు గేటు దగ్గర ఎవరైనా చూడగలిగేలా ఉంచాలి.

3. బావిని చంపడానికి కావలసిన బరువైన ద్రవం, పంపు పని మొదలయ్యే ముందే సైటులో సిద్ధంగా ఉండాలి. బయటినుంచి తెప్పిస్తామంటే కుదరదు. మన పుంత రోడ్ల మీద వానాకాలం లారీ ఎలా వస్తుందో అందరికీ తెలుసు.

4. పని జరిగే రోజుల్లో సైటు దగ్గర గాలివాటం చూపే గుడ్డ సంచి, సైరను, గ్యాస్ కొలిచే పరికరాలు ఉండాలి. మొదటి రోజే ఊరంతటితో ఒకసారి కసరత్తు చేయించాలి. గాలికి ఎదురుగా గానీ అడ్డంగా గానీ పోవాలి, పల్లంలోకీ మురుగు కాలువ వైపూ పోకూడదు, మోటారు స్విచ్చి వేయకూడదు, పొయ్యి వెలిగించకూడదు. ఇది బడిపిల్లలకి కూడా నేర్పాలి.

5. పనికి ముందూ తరువాతా చుట్టుపక్కల చేతిపంపుల, చెరువుల నీరు రైతుల ఎదుట పట్టి పరీక్ష చేయించాలి. ఉప్పు పెరిగితే నష్టం ఇవ్వాలి, కౌలు రైతుకి కూడా ఇవ్వాలి.

6. తూములు, పుంత రోడ్లు విరిగితే తరువాతి ఊడ్పుల్లోగా బాగుచేయాలి.

మనం చేయవలసింది

జవాబు రాకపోతే దారి ఉంది. బావి ప్రభుత్వ సంస్థదైతే 2005 సమాచార హక్కు చట్టం దానికి వర్తిస్తుంది. పని కాంట్రాక్టరు చేస్తున్నాడని తప్పించుకోనివ్వకండి, కాగితం బావి యజమానిని అడగండి. మామూలుగా 30 రోజులు గడువు. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటలు. దరఖాస్తులో ఆ మాట స్పష్టంగా రాయండి, "ఈ బావికి ఇన్ని గజాల్లో మా ఇళ్లున్నాయి, ఇది మా ప్రాణాలకు సంబంధించినది" అని.

ప్రతి గ్రామ శాఖ తమ ఊళ్లోని బావులన్నీ, మూతపడినవి కూడా, ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఏ బావి పక్కన ఏ ఇల్లు, ఏ బడి, ఏ కాలువ, నడవలేని ముసలివాళ్లు ఎక్కడ ఉన్నారో రాయండి. బండి వచ్చిన రోజు ఆ పుస్తకం పట్టుకుని ముగ్గురు నలుగురు కలిసి గేటు దగ్గరికి వెళ్లండి. పని ఆపమని కాదు, కాగితం చూపించమని. కోపం వద్దు, తోపులాట వద్దు. అక్కడ పనిచేసే కుర్రాళ్లూ మన పిల్లలే, బీఓపీ సరిగ్గా లేకపోతే ముందు పోయేది వాళ్ల ప్రాణమే.

మా పక్క బావి పని ఆ పదకొండు రోజుల్లో ఏ ప్రమాదం లేకుండా అయిపోయింది. అందుకు సంతోషం. కానీ జాగ్రత్త వల్ల అయిందో అదృష్టం వల్ల అయిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలుసుకునే హక్కు నాకుందని మాత్రం తెలుసు. ఆ బండి మళ్లీ వస్తుంది, ఈసారి మీ ఊరికి రావచ్చు. సమాచార హక్కు దరఖాస్తు నమూనా, పైన చెప్పిన ఆరు డిమాండ్ల కాగితం మండల కమిటీ దగ్గర ఉన్నాయి. వచ్చే నెల సమావేశానికి వచ్చినప్పుడు ఒక్కో గ్రామ శాఖ రెండేసి కాపీలు పట్టుకెళ్లండి. ఒకటి పంచాయతీకి, ఒకటి గేటుకి.